పులికాట్ దీవిలో సర్కారు తుమ్మ: కొట్టినా ఎందుకు లేస్తోంది, ఎలా వదిలించుకోవాలి

మీరు అడిగినవి మూడు. పులికాట్ సరస్సులోని మీ దీవిలో ఊరి చుట్టూ, మేత బీడులో, దొరువుల (ఇసుకలో తవ్విన మంచినీటి గుంటల) గట్ల మీద సర్కారు తుమ్మ కమ్మేసింది. రెండుసార్లు కొట్టించినా ఏడాది తిరక్కముందే ముందుకన్నా గుబురుగా లేచింది, ఎందుకని? మందు కొడితే పోతుందా? బొగ్గుల వ్యాపారి ఒకాయన పైసా తీసుకోకుండా మొత్తం కొట్టుకుపోతానంటున్నాడు, ఒప్పుకోవచ్చా? లాంటానా, వయ్యారిభామ కలుపు మొక్కల సంగతి కూడా అడిగారు. వాటి మాట మధ్యలో వస్తుంది, ఎక్కువ భాగం తుమ్మ గురించే చెబుతాను. మీ దీవికి అసలు ముప్పు అదే.

ముందుగా ఒక మాట. చుట్టూ నీళ్లుండడం ఈ పనిలో మీకు కలిసొచ్చే విషయం. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు మెట్ట ఊళ్లలో ఒక రైతు తన చేను శుభ్రం చేసుకున్నా, పక్క బీడులో మేసిన గొడ్లు వారంలోపే విత్తనం తెచ్చి పోస్తాయి. మీ దగ్గర అలా కాదు. కొత్త విత్తనం లోపలికి వచ్చే దారులు నాలుగైదుకు మించవు: పడవలో దాటించే గొడ్లు, మేకలు, బయటి నుంచి కొనే పేడ ఎరువు, ఇంటి పనులకు తెచ్చే ఇసుక, గ్రావెల్, మట్టి పని చేసే యంత్రాలు, వరదలో తేలి వచ్చే కాయలు. ఈ దారులు మూయకుండా పది సార్లు కొట్టించినా డబ్బు పోవడమే. మూసి, వేరుతో తీసి, ఆరేడేళ్లు వదలకుండా మొలకల వెంటపడితే దీవిని శుభ్రంగా ఉంచుకోవడం సాధ్యమే.

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనంతో మన పక్క జిల్లా కడపలోని కమలాపురంలో నాటారు. దేశంలో దీని తొలి తోటల్లో అదొకటి. వంటచెరకు కోసం, బీడు నేలలు పచ్చబడడానికి తెచ్చిన చెట్టు ఇది. ఆ పని చేసింది కూడా. కానీ అక్కడితో ఆగలేదు. ఉప్పు నేలను తట్టుకుంటుంది, వాన లేకపోయినా బతుకుతుంది, ఆకును గొడ్లు ముట్టవు, కాయను మాత్రం వెతుక్కుని తింటాయి. ఈ నాలుగు గుణాలూ కలిసిన చెట్టుకు పులికాట్ ఒడ్డు కంటే అనువైన చోటు ఉండదు.

దీవుల్లో దీని వేగం ఎలా ఉంటుందో తెలియాలంటే అట్లాంటిక్ సముద్రం నడుమ ఉన్న అసెన్షన్ దీవిని చూడాలి. 1960ల్లో అక్కడ కొత్త ఊరు కట్టే రోజుల్లో ఇదే చెట్టును తెచ్చి నాటారు. అక్కడ విచ్చలవిడిగా తిరిగే గాడిదలు, గొర్రెలు కాయ తిని దీవంతా విత్తాయి. ఇప్పుడు సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక ఒడ్లకు కూడా దానివల్ల ముప్పు వచ్చింది. అక్కడ గాడిద చేసిన పని మీ దగ్గర ఆవులు, గేదెలు చేస్తున్నాయి, అంతే తేడా.

ఇక కొట్టినా ఎందుకు లేస్తోందన్న ప్రశ్న. బొటనవేలు లావు మొక్కను ఒకదాన్ని ఎంచుకుని, మొదలు చుట్టూ ఇసుక పారతో లాగి చూడండి. నేల పైన బెరడు బూడిద రంగులో గరుకుగా ఉంటుంది. నేలమట్టం దగ్గర, దానికి కాస్త కిందా మొదలు కొద్దిగా ఉబ్బి ఉంటుంది, దాన్నే ఇక్కడ మెడ అంటున్నాను. తడిమి చూస్తే చెమటకాయల్లా చిన్న చిన్న బొడిపెలు చేతికి తగులుతాయి. అవి నిద్రలో ఉన్న మొగ్గలు. ఇంకా కిందికి తవ్వితే బొడిపెలు ఆగిపోతాయి, బెరడు నున్నబడి రంగు మారుతుంది. అక్కడి నుంచి కిందిది వట్టి వేరు. ఆ మార్పు కనిపించిన చోటుకు కింద నరికితే మిగిలిన వేరు చిగురించదు. గొడ్డలితో నేలకు సమానంగా నరికితే మొగ్గలన్నీ ఒక్కసారి నిద్ర లేస్తాయి, పోయిన ఒక్క మాను చోట పది కొమ్మలు వస్తాయి. మీరు రెండుసార్లు చేయించింది ఈ పనే. కూలీల తప్పేమీ లేదు, ఎక్కడ నరకాలో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ దీవిలో ఇంకో చిక్కు ఉంది. గాలికి కొట్టుకొచ్చే ఇసుక తుమ్మ పొదల దగ్గర ఆగి మేట వేస్తుంది. మేటలో కూరుకుపోయిన మాను భాగం మీద కూడా మొగ్గలుంటాయి. కాబట్టి ఇసుక దిబ్బల మీది చెట్లకు 'ఇంత లోతు' అని ముందే కొలత పెట్టుకుంటే మోసపోతారు. బొడిపెలు ఎక్కడ ఆగాయో కంటితో చూసి నరకాల్సిందే.

చెట్టు లావును బట్టి పని మారుతుంది. జానెడు ఎత్తు లోపు మొలకలను వాన పడిన రెండు మూడు రోజుల్లో, నేల మెత్తగా ఉన్నప్పుడు చేత్తో పీకాలి. పైన కనిపించే దానికంటే కింద వేరే పొడుగు కాబట్టి నిలువుగా, నెమ్మదిగా లాగాలి. పక్కకు వంచితే మెడ దగ్గర తెగిపోయి మొగ్గలు లోపలే ఉండిపోతాయి. బొటనవేలు నుంచి మణికట్టు లావు వరకు గడ్డపార చాలు. చుట్టూ ఒక అడుగు వెడల్పున గుంత తీసి, 15 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా తల్లివేరును నరికి, మొదలును పైకి తీసి తలకిందులుగా పడేయాలి. మట్టి తగులుతూ నిలువుగా పడి ఉంటే వానకు మళ్లీ పట్టుకునేవి కొన్ని ఉంటాయి.

పెద్ద మానులకు ముందు కొమ్మలన్నీ కొట్టేసి, మానును మాత్రం నడుం ఎత్తు దాకా వదలండి. చాలామంది నున్నగా కింది దాకా కోసేసి తర్వాత మొద్దు తవ్వడానికి నానా అవస్థ పడతారు. నడుం ఎత్తు మాను ఉంటే దానికి గొలుసు వేసి లాగొచ్చు, వంచొచ్చు. చుట్టూ 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు తవ్వి, పక్కవేళ్లు నరికి, ట్రాక్టరుతో లాగితే మెడతో సహా వస్తుంది. తల్లివేరు 30 సెంటీమీటర్ల కింద తెగితే చాలు, అడుగు దాకా తవ్వాలని చూడొద్దు.

జేసీబీని దీవికి దాటించగలిగితే పని తొందరగా అవుతుంది, కానీ రెండు షరతులు. పళ్లున్న బకెట్‌తో ఒక్కొక్క మొదలునూ పెకలించాలి. డోజర్‌లా ముందుకు తోసుకుంటూ పోతే నేల దగ్గర తెగిపోయి మెడలు లోపలే ఉంటాయి, పైమట్టితో పాటు విత్తనం కూడా బీడంతా పరుచుకుంటుంది. రెండోది, పడవ ఎక్కించకముందే ఆవలి ఒడ్డున యంత్రం చక్రాలు, బకెట్ ప్రెషర్ నీళ్లతో కడగాలి. అది అంతకుముందు ఏ కంప బీడులో పని చేసి వచ్చిందో మీకు తెలియదు.

రాళ్ల సందుల్లో, గోడల పక్కన, గుడి అరుగుల కింద తవ్వలేని మొద్దులు కొన్ని తప్పవు. వాటి చిగుళ్లను 30, 40 రోజులకోసారి, వేలెడు లావు కాకముందే మొదలంటా విరిచేస్తూ ఉండాలి. మొద్దులో నిల్వ ఉన్న బలం తగ్గడానికి ఏడాది పైనే పడుతుంది. మధ్యలో రెండు మూడు విడతలు వదిలేస్తే మళ్లీ మొదటికి వచ్చినట్టే. ఎండాకాలంలో నిప్పు పెట్టడం మాత్రం వద్దు. పైది కాలుతుంది, నేల కింది మొగ్గలు మిగులుతాయి. మీకు ఎంతో విలువైన తాటిచెట్లు, ఈత పొదలు దాంతో పోతాయి.

ముల్లు రెండంగుళాల దాకా ఉంటుంది, హవాయి చెప్పులను ఇట్టే దాటేస్తుంది. ముల్లు విరిగి లోపలుండిపోతే వారాల తరబడి వాపు తగ్గదు. దళసరి అడుగున్న బూట్లు, తోలు చేతితొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఎవరినీ పనిలో దించొద్దు. టీటీ ఇంజెక్షన్ ముందే వేయించండి. దీవి నుంచి ఆసుపత్రికి పోవాలంటే పడవ కావాలి కదా.

ఎప్పుడు చేయాలి? మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నేల తడిగా ఉండి, కాయ ఇంకా పండని జనవరి నుంచి మార్చి మధ్య దాకా పెద్ద చెట్ల పనికి మంచి సమయం. కాయ ఎక్కువగా ఎండాకాలంలో పండి రాలుతుంది, కొన్ని చెట్లు ఏడాదిలో రెండోసారి కూడా కాస్తాయి. అయితే ఆ జనవరి, మార్చి నెలల్లోనే కొంగలు, నీటికాకులు కొన్నిచోట్ల ఈ తుమ్మల మీద గూళ్లు కట్టి ఉంటాయి. అలాంటి చెట్లను పిల్లలు ఎగిరిపోయే దాకా వదిలేసి, కింద రాలిన కాయ మాత్రం ఊడ్చుకోండి. ఆ ఒక్క గుంపు కోసం మొత్తం పని ఆపాల్సిన అవసరం లేదు, దాన్ని చివరి విడతలో పెట్టుకోవచ్చు.

చెట్టు తీయడం సగం పని. మిగతా సగం విత్తనం. ఒక్కో కాయలో పది నుంచి ఇరవై గింజలుంటాయి. చుట్టూ గుజ్జు తియ్యగా ఉంటుంది కాబట్టి గొడ్లు వదలవు. గింజ పెంకు గట్టిది, ఆవు కడుపులో పడినా చావదు. పైగా ఆ ప్రయాణంలో పెంకు కాస్త మెత్తబడి తొందరగా మొలుస్తుంది, చుట్టూ ఎరువు సిద్ధంగా ఉంటుంది. నవంబరు చివర మీ మేత బీడులో పాత పేడకడి దగ్గర వంగి చూడండి. ఎండిన పేడలోంచి రెండేసి దళసరి ఆకులతో మొలకలు గుత్తిగా నిలబడి ఉంటాయి, కొన్నిచోట్ల ఇరవై పైనే. ఆ దశలో పిల్లలు కూడా ఒక్క గుప్పిటతో పేడకడితో సహా ఎత్తి గంపలో వేయగలరు. అదే గుత్తిని మరుసటి ఏడు తీయాలంటే గడ్డపార పట్టాలి. అందుకే వానలు మొదలైన మూడు వారాలకు ఒకసారి, డిసెంబరులో ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి బీడును వరస తీసి నడవాలి. నేలలో ఉన్న గింజ పదేళ్ల దాకా కూడా మొలిచే శక్తితో ఉండగలదు. తల్లి చెట్లన్నీ పోయాక ఏటా మొలకలు తగ్గుతూ వస్తాయి, కానీ మూడో ఏట 'అయిపోయింది' అనుకుని వదిలేసిన ఊళ్లే మళ్లీ మొదటికొస్తాయి.

గొడ్ల విషయంలో పంచాయతీ ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. ఆవలి ఒడ్డు నుంచి కొని తెచ్చిన పశువును నేరుగా బీడులోకి తోలకూడదు. ఎనిమిది రోజులు కట్టేసి, కోసిన కసువు, వరిగడ్డి మేపాలి. ఈలోగా కడుపులో ఉన్న గింజ చాలావరకు బయటపడుతుంది. శుభ్రం చేసిన బీడు నుంచి ఇంకా కంప ఉన్న వైపుకు తోలి మళ్లీ తెచ్చినా ఇదే పద్ధతి. గొర్రె, మేక గింజను ఎక్కువగా నమిలేస్తాయి, వాటి పెంటికలో బతికిన గింజ ఆవు పేడలో కంటే తక్కువ. అయినా కొంత ఉంటుంది, వాటికి మినహాయింపు ఇవ్వొద్దు.

కట్టేసిన ఆ రోజుల్లో వచ్చిన పేడను దిబ్బలో వేయకండి. మామూలు పెంటదిబ్బలో అంచులు వేడెక్కవు, అక్కడి గట్టి గింజ అలాగే బతికి చేలో మొలుస్తుంది. పిడకలు చేసి ఎండబెట్టి పొయ్యిలో పెట్టేయండి, గింజ మిగలదు. బయటి ఊరి నుంచి పేడ ఎరువు తెప్పించడం పూర్తిగా మానేయాలి.

కాయను వృథా చేయనక్కర్లేదు. చెట్టు తీసేలోపు రాలిన కాయను రోజూ ఊడ్చి, చిటపటమని విరిగేలా ఎండబెట్టి, గింజ కూడా నలిగేలా మిల్లులో పిండి పట్టించండి. ప్రొటీన్ నూటికి పది పైన, చక్కెర దండిగా ఉండే దాణా అది. తవుడు, చెక్కతో కలిపి మొత్తం దాణాలో ఐదోవంతు మించకుండా పెట్టొచ్చు. దాన్నే ప్రధాన మేతగా నెలల తరబడి పెడితే పశువుకు దవడ కండరాలు దెబ్బతిని నమలలేని స్థితి వస్తుంది, కడుపు కూడా బిగదీస్తుంది. గింజ నలగకుండా మొక్కజొన్న నూకలా గరుగ్గా పట్టిస్తే మళ్లీ విత్తనం చల్లినట్టే, జల్లెడ చూసుకోండి.

మందు గురించి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో ట్రైక్లోపైర్ అనే కలుపుమందును డీజిల్‌లో కలిపి మొదలు చుట్టూ పూస్తారు, అది పనిచేస్తుంది. అయినా మీ దీవికి వద్దనే చెబుతాను. మీరు తాగేది దొరువు నీళ్లు. ఇసుకలో వాన నీరు ఇంకి, కింది ఉప్పునీటి మీద తేలుతూ నిలిచిన పల్చటి పొర అది. ఇసుకకు వడపోసే శక్తి తక్కువ, పైన పోసింది ఏదైనా తొందరగా కిందికి దిగుతుంది. ఒడ్డు దాటితే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగే లోతు తక్కువ నీళ్లు. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపుమందు సంగతంటారా, 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. అది ముఖ్యంగా ఆకు మీద కొట్టే మందు. సన్నని తుమ్మాకు మీద నిలిచేది తక్కువ, పక్కన పడేది ఎక్కువ. మొద్దుల మీద కిరోసిన్, పాత ఇంజినాయిల్, యాసిడ్, ఉప్పు పోయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మెడ మీది మొగ్గలన్నీ వాటితో చస్తాయన్న నమ్మకం లేదు, దొరువును మాత్రం పాడుచేస్తాయి.

దొరువుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఈ చెట్లు ఎండాకాలమంతా పచ్చగా నిలిచేది కింది నీటిని తోడుకునే. దొరువు చుట్టూ 30 మీటర్ల లోపు చెట్లను ముందు తీయండి. కానీ అక్కడ యంత్రం పెట్టకండి, గడ్డపారతోనే. మంచినీటి పొర పల్చగా ఉన్న చోట లోతైన గుంతలు తీసి వదిలేస్తే నీరు ఎండకు ఆవిరైపోతుంది, పైపొర కొంచెం తగ్గినా కింది ఉప్పునీరు దానికి ఎన్నో రెట్లు పైకి వస్తుంది. తవ్విన గుంతను అదే రోజు అదే ఇసుకతో పూడ్చేయాలి.

లాంటానా పద్ధతి వేరు, సులువు కూడా. ఢిల్లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్బెట్ అడవుల్లో వాడి చూపిన తీరు ఉంది. తల్లివేరును నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద నరికి, పొదను మొత్తంగా ఎత్తి తలకిందులుగా పెట్టి ఎండనివ్వడమే. చిన్నది, పదునైనది, పొడుగు పిడి ఉన్న గునపం చాలు. పూత రాకముందే చేయాలి. దీని పండ్లు పిట్టలు తింటాయి, కాబట్టి మొలకలు బీడు మధ్యలో కాక వేప, మర్రి లాంటి పిట్టలు వాలే చెట్ల కింద గుంపుగా వస్తాయి. వానాకాలంలో ఆ చెట్ల నీడ వరకే వెతికితే చాలు. ఆకు తిన్న పశువుకు చర్మం ఎండకు పగులుతుంది, కామెర్లు వస్తాయి, నరికిన పొదలను మేత బీడులో వదలొద్దు.

వయ్యారిభామ ఒక్క మొక్కకు పదిహేను వేల పైన విత్తనాలు కాస్తుంది, కాబట్టి తెల్ల పూలు కనిపించాక పీకడం ఆలస్యమే. పూతకు ముందు, చేతితొడుగు వేసుకుని పీకి కుప్పవేసి కుళ్లనివ్వండి. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమని చాలాచోట్ల చెబుతారు. మెట్ట ఊరి రోడ్డు పక్కన సరే, మంచినీళ్లకే ఉప్పు బెడద ఉన్న దీవిలో వద్దు. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వానల్లో ఆకుల మీద ముదురు గీతలున్న లేత పసుపు పురుగులు కనిపిస్తే చంపకండి. చెరువుల్లో గుర్రపుడెక్క సంగతి అడగలేదు కానీ, అది ఉప్పునీటిలో బతకదు. మంచినీటి గుంటలోకి రాకుండా చూసుకుంటే చాలు.

పురుగులతో తుమ్మను కూడా చంపొచ్చా అని మీకు అనిపించొచ్చు. నాగజెముడు విషయంలో మన దక్షిణాదిలో అది గొప్పగా జరిగింది. 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన కోచినీల్ జాతి పురుగు విస్తారంగా పరుచుకున్న జెముడును కొన్నేళ్లలో తినేసింది. కానీ అలాంటి పురుగును తేవడం ఏళ్ల పరీక్షల తర్వాత కేంద్ర సంస్థలు తేల్చాల్సిన పని. ఊరు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికి లేదు.

అన్నీ ఒకేసారి తీసేయాలన్న తొందర వద్దు, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే తూర్పు వైపు. తుమ్మ ఎంత చెడ్డదైనా ఇప్పుడు ఇసుకను, తుపాను గాలిని ఆపుతున్నది అదే. 15 మీటర్ల వెడల్పు పట్టీలుగా విడగొట్టి, ఊరి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక పట్టీలో నాటినవి నిలదొక్కుకున్నాక తర్వాతి పట్టీకి పోవాలి. తుమ్మ మొలకకు ఎండ కావాలి, నీడలో అది సాగదు. ఖాళీ నేల దానికి పిలుపు. అందుకే తీసిన నేలను వచ్చే అక్టోబరు వానకు ఖాళీగా ఉంచకూడదు.

ఏం నాటాలి అంటే, కొత్తగా ఏదీ తేనక్కర్లేదు. శ్రీహరికోట దీవిలో ఇప్పటికీ మిగిలిన సతతహరిత అడవే మీకు నమూనా. నేరేడు, పాల, కలివి, బాలుసు లాంటివి ఈ ఇసుకకు అలవాటైనవి. ఊరి దగ్గర కానుగ, గంగరావి, వేప. ఒడ్డు వైపు ఉప్పు తగిలే చోట గున్నంగి, మొగలి, తాటి. ఇసుక దిబ్బల మీద చెట్లు వద్దు, బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అనే గడ్డి పాకనివ్వండి, ఇసుకను పట్టుకోవడంలో వాటిని మించినవి లేవు. 45 సెంటీమీటర్ల గుంతలు, 3 మీటర్ల ఎడం, సెప్టెంబరు చివర నాటడం, రెండు ఎండాకాలాలు నీళ్లు. గుంతలో దీవిలోనే కుళ్లబెట్టిన ఆకు ఎరువు వేయండి, పైన చెప్పిన కారణానికి పేడ వద్దు. మధ్యలో గరిక, అంజన్ కసువు చల్లితే గొడ్లకు మేతా వస్తుంది. పచ్చగా తొందరగా లేస్తుందని సుబాబుల్, కోనోకార్పస్ అంటగట్టేవాళ్లుంటారు, ఒక పరాయి చెట్టును తీసి ఇంకోటి పెట్టుకోకండి. సరుగుడు కూడా అంతే, కలప కోసం ఒక పట్టీ వేసుకుంటే వేసుకోండి, బీడంతా వద్దు. దాని కింద రాలే సూదుల దుప్పటిలో వేరే మొక్క మొలవదు.

సరస్సు బురద మేటల మీద మాత్రం ఏమీ నాటొద్దు. అక్కడ తుమ్మ మొలకలుంటే పీకేయండి, అంతే. ఫ్లెమింగోలకు, ఉల్లంకి పిట్టలకు కావాల్సింది చెట్టూ పుట్టా లేని ఆ ఖాళీ బురదే. వంగరెడ్డి కూర, ఇలకూర లాంటి ఉప్పునేల మొక్కలు వాటంతట అవే వస్తాయి.

అనుమతుల మాట. మీ సొంత పట్టా నేలలో తుమ్మ తీయడానికి పెద్దగా అడ్డు ఉండదు, అయినా కలప రవాణాకు ముందు అటవీ రేంజి కార్యాలయంలో అడిగి కాగితం తీసుకోండి. పోరంబోకు నేలకు పంచాయతీ తీర్మానం, తహసీల్దారు అనుమతి. పులికాట్ పక్షుల అభయారణ్యం హద్దు లోపల మాత్రం వన్యప్రాణి విభాగం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా గడ్డపార కూడా దించొద్దు, మంచి పనే అయినా కేసవుతుంది. హద్దు రాయి ఎక్కడుందో వాళ్లతోనే చూపించుకోండి. ముళ్లకంప తొలగింపును ఉపాధి కూలీ పనుల కింద పెట్టించుకున్న పంచాయతీలు ఉన్నాయి, మీ ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి. కొలతల్లో 'వేరుతో సహా' అన్న మాట రాయించండి, లేకపోతే చదరపు మీటర్ల లెక్కన పైపైన కొట్టి పోతారు.

చివరగా బొగ్గుల వ్యాపారి. ఆయన చెప్పినట్టు 'ఉచితంగా కొట్టుకుపోవడానికి' ఒప్పుకోవద్దు. మట్టి బట్టీలో నాలుగైదు కిలోల కట్టెకు ఒక కిలో బొగ్గు వస్తుంది, కాబట్టి ఆయనకు కావాల్సింది లావు మానులు మాత్రమే. సన్నవి వదిలేస్తాడు, మొద్దులు నేలలో ఉంచుతాడు. మూడు నాలుగేళ్లకు అవి మళ్లీ కోతకొస్తే ఆయనకు లాభమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు, అది ఆయన వ్యాపారం. మీకు కావాల్సింది వేరు. కలప ఆయనకు, బదులుగా పట్టీలోని ప్రతి మొదలూ మెడతో సహా పైకి రావాలి, వేలెడు మొక్కలతో కలిపి. కోత మార్చి మధ్యలోపు ముగియాలి, కాయ ఉన్న కొమ్మ బీడులో పడి ఉండకూడదు. బట్టీ దొరువులకు, తాటితోపుకు దూరంగా, గాలి ఊరి మీదికి రాని వైపు పెట్టాలి. ముందుగా పంచాయతీ పేర కొంత డిపాజిట్ కట్టాలి. అది వానలయ్యాక జనవరిలో తిరిగి ఇస్తారు, ఎలాగంటే, పట్టీలో మీరే ఎంచిన ఐదు చోట్ల పది మీటర్ల చదరాలు తాడు కట్టి, లోపల తవ్విన గుంతల్లో ఎన్ని చిగురించాయో ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. నూటికి ఐదు లోపు చిగురిస్తే డిపాజిట్ మొత్తం ఆయనకు, అంతకు మించితే ఆ డబ్బుతో మీరే కూలీలను పెట్టి తవ్వించుకుంటారు. మొదటి ఏడు ఒక్క పట్టీ మాత్రమే ఇవ్వండి. ఆ లెక్క చూశాకే రెండోదాని మాట.